పోయొస్తానన్న మాట

మాది అల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున పల్లె. వేటకు పోయేటప్పుడల్లా మా ఆయన మా కుక్కతో "పోయొస్తా నల్లోడా" అనేవాడు. ఆ మాట వింటే చాలు, వాడు ఒడ్డుకు పోయి పడవ తిరిగొచ్చేదాకా అక్కడే కూర్చునేవాడు.

మొన్నటి తుఫానుకు ఊరు ఖాళీ చేయించినారు. బస్సులోకి కుక్కలు వద్దన్నారు. ఎటన్నా మెరకకు పోయి బతుకుతాడని మా ఆయన నల్లోడి మెడలో తాడు విప్పేసినాడు. వాడు బస్సు వెంట పరిగెత్తినాడు. మా ఆయన అలవాటుకొద్దీ కిటికీలోంచి "పోయొస్తాం నల్లోడా" అనేసినాడు.

వాడు టక్కున ఆగి, వెనక్కి తిరిగి సముద్రం వైపు పరిగెత్తినాడు.

"రేయ్, అటు కాదు!" అని అరిచినాం. అప్పటికే దూరం పోయినాడు.

తిరిగొచ్చేసరికి ఇల్లుంది, పడవుంది. నల్లోడు లేడు.

ఇప్పుడు మా ఆయన వేటకు పోయేటప్పుడు పోయొస్తానని నాక్కూడా చెప్పడు. చెప్పమని నేనూ అడగను.