మావారి మాత్ర, వదిన ముక్తినాథ్

మొన్న మా మనవరాలు నెహ్రూ నగర్‌లోని మా ఇంటి వరండాలో కూర్చుని ఫోన్‌లో డాక్టరమ్మతో మాట్లాడుతోంది. ఊరి చివర కోనిలో కాలేజీలో చదువుకుంటున్న ఈ పిల్ల స్నేహితులతో కలిసి నేపాల్ కొండలెక్కడానికి వెళుతోంది. వెళ్ళేముందు తన ఒంటి సంగతులన్నీ ఆవిడకి వరసబెట్టి చెప్పేస్తోంది, చిన్నప్పటి ఉబ్బసం, మెట్లెక్కితే వచ్చే ఆయాసం, ఆఖరికి అప్పుడప్పుడూ గుండె దడదడలాడుతుందన్న మాటా, వీధిలో పోయేవాళ్ళకి వినబడేటంత గొంతుతో. నేను లోపల్నుంచి పరుగున వచ్చి నెమ్మదిగా మాట్లాడవే అని సైగ చేశాను. "ఏటి నానమ్మా, డాక్టర్‌కే కదా చెప్తున్నాను, ఛుపానా క్యోఁ, దాచడమెందుకు?" అని నవ్వింది. నవ్వితే నవ్వింది గాని, నాకు మాత్రం సిగ్గుతో చెవులు వేడెక్కిపోయాయి.

దాచడం మా ఇంటి విద్య. రైలు నడిపేవాళ్ళ ఇళ్ళలో కాపురం చేసిన నా ఈడు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. మావారు డ్రైవరు. డ్రైవర్లని కొన్నేళ్ళకోసారి మెడికల్‌కి పిలుస్తారు, కళ్ళూ గుండే బీపీ అన్నీ చూస్తారు, అందులో పడిపోయిన మనిషిని ఇంజను దింపేసి ఇంజన్ల షెడ్‌లో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆ కుర్చీ అంటే మా రైల్వే కాలనీ అంతటికీ హడలు. అందుకని ఎవరికి ఏ జబ్బు చేసినా రైల్వే ఆసుపత్రి గడప తొక్కకుండా, సదర్ బజార్ సందులో ఏ మందుల షాపుకో పోయి గుట్టుగా మాత్రలు తెచ్చుకునేవారు. మావారికి బీపీ అని నాకొక్కదానికే తెలుసు. మేమిద్దరమూ కూడా దాన్ని పేరు పెట్టి అనకుండా "ఆ మాత్ర" అనుకునేవాళ్ళం. రైలు నిండా జనాన్ని వెనకేసుకుని పోయే మనిషి ఇలా దాచవచ్చునా అని నాకు అప్పట్లో ఒక్కనాడూ తోచలేదంటే, మీరు నన్ను ఏమనుకున్నా సరే.

ఇంతలో నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడికి ప్రయాణం వచ్చింది. మావారి అక్కగారు, నాకు వదిన, మాతోనే క్వార్టర్‌లో ఉండేది. తల్లి పోయాక మావారిని చంకనెత్తుకు పెంచింది ఆవిడే. భర్త పోయి, పిల్లాపాపా లేక, ఏ నగా నట్రా ఏనాడూ కోరని మనిషికి ముక్తినాథ్ వెళ్ళాలన్నది ఒక్కటే కోరిక. షెడ్‌లోని తెలుగు కుటుంబాలు కొన్ని కలిసి వెళదామనేసరికి ఆవిడ ముఖం వెలిగిపోయింది. అందరికీ పెద్దగా రైల్వే స్కూల్లో పనిచేసి రిటైరైన హెడ్మాస్టరుగారు ఉండేవారు. గోరఖ్‌పూర్ దాకా మీ రైలు పాసులు, ఆ పైన కొండ మీ పాసు చూడదు, క్షేమంగా వెళ్ళి రావాలంటే నేను చెప్పినట్టు వినాలి అని ఆయన గట్టిగా చెప్పారు. వేకువనే లేచి అరపా నది వంతెన దాకా నడవడం, మంకీ టోపీలూ ఉన్ని స్వెట్టర్లూ కొనడం, పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తప్ప ఎరగని వదినకి కాన్వాసు బూట్లు తొడగడం! చీర కాస్త ఎత్తి పట్టుకుని ఆవిడ ఆ బూట్లతో క్వార్టర్ల మధ్య టకటకా నడుస్తుంటే, మిలిట్రీలో చేరావా అక్కా అని మావారు ఏడిపించేవారు. ఆవిడ ఆగి సెల్యూట్ కొట్టేది. ఆ రోజులు ఎంత బాగుండేవో!

చివరికి హెడ్మాస్టరుగారు మమ్మల్నందరినీ తనకి తెలిసిన ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. వదిన తన మోకాళ్ళ నొప్పి దగ్గర్నుంచి కడుపుబ్బరం దాకా ఒక్కటి వదలకుండా చెప్పింది. ఊరుకోమని నేను గిల్లుతున్నా ఆపలేదు. అంతా విన్న డాక్టరు నవ్వి, గుర్రం మీద వెళ్ళండమ్మా, మీకేం భయం లేదు అన్నారు. మావారు మాత్రం ముందునుంచీ ఉప్పు మానేసి, ఆ పొద్దున మాత్ర వేసుకుని మరీ వచ్చారు గనక చేతికి చుట్టిన బీపీ పట్టీ ఏమీ పట్టుకోలేకపోయింది. మాత్రలేమైనా వాడుతున్నారా అని అడిగితే ఏమీ లేదన్నారు. డాక్టరు నా వైపు తిరిగి, నిజమేనా అమ్మా అన్నట్టు చూశారు. నేను నిజమేనని తలూపాను. బయల్దేరే రోజున, షెడ్ వాళ్ళ మధ్య ఆ మాత్ర మింగితే ఎవరి కంటైనా పడుతుందని, దాన్ని ఇంట్లోనే వదిలేయమన్నారు మావారు. నేను మారుమాట లేకుండా బియ్యం డబ్బా వెనక పెట్టేశాను.

జోమ్‌సోమ్ దాకా అంతా సరదాగానే జరిగింది. కాగ్‌బేని దాటి కొండ ఎక్కుతుండగా మావారికి తల పగిలిపోతున్నంత నొప్పి, వాంతులు, నాలుగడుగులు వేసేసరికి తూలిపోవడం. అదిగో ఆ పైన కనిపిస్తున్న చెట్ల గుంపే ముక్తినాథ్ అని గుర్రాలవాడు అప్పుడే వదినకి చూపించాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది కూడా. ఇంతలో వెనక నా కేక విని దిగి వచ్చేసింది. ఇతన్ని తక్షణం కిందికి దింపాలి, మిగతా వాళ్ళు మిమ్మల్ని జాగ్రత్తగా పైకి తీసుకెళతారు అని హెడ్మాస్టరుగారు ఎంత చెప్పినా వదిన వినలేదు. తన గుర్రం మీద తమ్ముణ్ణి ఎక్కించి, ఆ మోకాళ్ళతో కొండ దిగింది.

కింద ఆరోగ్య కేంద్రంలో మందులేమైనా వాడుతున్నారా అని మళ్ళీ అదే ప్రశ్న. తోడుగా దిగివచ్చిన షెడ్ వాళ్ళ ముందర, వదిన ముందర, నేను నోరు విప్పి బీపీ అని చెప్పాను. మాత్రలేవి అన్నారు. ఇంట్లో ఉన్నాయన్నాను. అప్పుడు మా పక్క క్వార్టర్‌లో ఉండే తోటి డ్రైవరు ఒకాయన ఎవరి మొహమూ చూడకుండా బనీను జేబులో చెయ్యి పెట్టి, సరిగ్గా అదే మాత్రల పట్టీ తీసి డాక్టరు ముందు పెట్టాడు. ఇన్నేళ్ళుగా గోడకి ఇవతల మేము, అవతల వాళ్ళు, ఒకే జబ్బు ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకుంటూ వచ్చామన్నమాట! ఆ క్షణంలో భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. మావారు తేరుకుని అందరం తిరిగి వచ్చాక షెడ్‌లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

వదిన కూడా ఎత్తలేదు. మావారు రిటైరై, ఇక దాచాల్సిన పని లేక, సాయంత్రాలు తోటివాళ్ళతో కూర్చుని ఎవరి మాత్రలు పెద్దవో పోల్చుకునే రోజులొచ్చాక, అక్కా ఈసారి హెలికాప్టర్లో తీసుకెళతానన్నారు. అప్పటికి ఆవిడ మంచం దిగడమే కష్టంగా ఉంది. "ముక్తినాథ్‌దేటుంది గాని తమ్ముడా, నీకు బాగులేదని ఒక్క ముక్క ముందుగా నాతో చెప్పీసుంటే, నేనా కొండ అడిగీదాన్నేటిరా? నేనూ పైదాన్నే అయిపోయానా మీకు?" అంది. మావారు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నాకు ఏడ్చే ముఖం కూడా లేకపోయింది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. గుడి దగ్గరిదాకా జీపులు పోతున్నాయట, మా కాలనీలోనే ఏటా ఎవరో ఒకరు వెళ్ళివస్తున్నారు. వెళ్ళేముందు బీపీ, షుగరు అన్నీ ఒకరికొకరు బాహాటంగా చెప్పుకుంటారు, మాత్రలు మరిచిపోయిన వాళ్ళకి పక్కవాళ్ళు సర్దుతారు. ఎంత హాయి! తిరిగొచ్చి గుర్తుపెట్టుకుని నాకూ ప్రసాదం పంపుతారు. తీసుకుని కళ్ళకద్దుకుంటాను గాని, వదినకి దక్కనిది నా నోట్లో వేసుకోవడానికి సిగ్గేసి, చాటుగా మనవరాలికి పెట్టేస్తాను.