అమెరికా కెప్టెన్ ఓడలో పోయిన తాత

వీధిలో తారు కాచే వాసన తగిలితే నాకు మా అవ్వ కోపం గుర్తొస్తుంది. ఆమె ముత్తాత పులికాట్ రేవులో ఓడలకు తారు పూసేవాడట. ఒక అమెరికా కెప్టెన్ ఆయనను పనికని ఓడెక్కించుకుని పోయాడు. ఆయన మళ్లీ ఇల్లు చేరలేదు.

నా ఏడో ఏట, ఆ కెప్టెన్ వంశపు దొరసాని ఒకామె ఆయన చరిత్ర రాయాలని రేవు ఊళ్లన్నీ తిరుగుతూ తడలోని మా ఇంటికి వచ్చింది. కెప్టెన్ బొమ్మ చూపించి, ఆయన ఎక్కడ దిగిందీ, ఏం తిన్నదీ వచ్చీరాని తెలుగులో చెప్పింది.

"మా తాతను యాడ దించినాడమ్మా?" అని అవ్వ అడిగింది.

"పనివాళ్ల సంగతి ఎవరూ రాయలేదు," అంది దొరసాని.

"ఆయప్ప తిన్న కూడు రాసినారే! మా తాత సచ్చినాడో బతికినాడో రాయలేదా? తెలిస్తే కదా మేం పిండం పెట్టేది!"

కెప్టెన్ ఇంకా బతికే ఉన్నాడనుకుని, "ఆయప్పను పిల్సుకోని రా!" అని నేనూ అరిచాను. దొరసాని తల దించుకుని వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు అవ్వ చనిపోయాక, ఆమెతోపాటు ఆ తాతకూ పిండం పెట్టేద్దామన్నాడు నాయన. "సచ్చినాడని నీకెవురు సెప్పినారు?" అని ఆయన మీద విరుచుకుపడ్డాను. అంతకాలం ఎవరూ బతికి ఉండరని అప్పటికి నాకు తెలుసు.