ముక్తేశ్వరం గునపాలు విరిగిన అసలు కారణం

ఉదయం ఆరింటికి విశాఖపట్నంలో రైలెక్కాను. ఉక్కు సామాన్ల పైపొరను కాల్చి గట్టిపరిచే షాపు నాది. ఎనిమిదేళ్ళ కిందట ముక్తేశ్వరం కమ్మరి వీరాచారిగారి గునపాలు, కొబ్బరికాయలు ఒలిచేవి, వరసగా విరిగాయి. తప్పు ఆయనదేనని, వాటిని కొనే కొబ్బరి షావుకారుకి చెప్పింది నేను. నా షాపు పేరు పోతుందని ఆడిన అబద్ధం అది. ఆ మాట ఒప్పుకోవడానికే ఈ ప్రయాణం.

తొమ్మిదిన్నరకి రాజమండ్రిలో దిగి, రావులపాలెంలో బస్సు మారి, పదకొండున్నరకి కొత్తపేట చేరాను. అక్కడ తిన్న పెసరట్టు బాగుంది, అల్లం పచ్చడి ఇంకా బాగుంది. అక్కణ్ణుంచి ముక్తేశ్వరానికి ఆటో. పక్కన కూర్చున్నాయన కొబ్బరికాయల ఒలుపు కూలీ. ఆచారిగారి ఇల్లు అడిగితే నవ్వాడు.

"గునపాలు కొంటారేటండీ? ఆయనవి ఇరిగిపోతాయండి. మా షావుకారు ఎప్పుడో మానేసేరు."

ముక్తేశ్వరంలో ఆటో దిగి, ఆయన చూపించిన సందులోకి నడిచాను.

ఆచారిగారు కొలిమి షెడ్డులోనే ఉన్నారు. కొబ్బరిచిప్పల బొగ్గు పొడిలో గునపం మొనలు పాతి, ఇనప పెట్టెకి మట్టి మెత్తి కాలుస్తారు. బొగ్గు వల్ల వచ్చే గట్టిదనం పైపొరకే ఎక్కాలి. లోపల ఉక్కు మెత్తగా ఉంటేనే మొన దెబ్బకి ఆగుతుంది. ఆ ఏడు షావుకారు తొందరపెడితే, ఆచారిగారు ఆ కాల్చే పని నాకు పంపారు. ఇంకా గట్టిపడితే మంచిదేగదా అని రెట్టింపు సేపు నా మిషను కొలిమిలో ఉంచాను. సన్నటి మొన లోపలిదాకా బిగుసుకుపోయి, గాజులా పెళుసైంది.

అదంతా చెప్పాను.

"తెలుసండి," అన్నారాయన. "ఇరిగిన ముక్క చూసేను. అంచు నుంచి మధ్యదాకా ఒకటే మెరుపు."

"మరి షావుకారుకి చెప్పలేదేమండీ?"

"ఆయ్, చెప్పేనండి. మీది పెద్ద మిషను, నాది చిప్పల బొగ్గు. ఎవర్ని నమ్ముతారండీ?"

ఆ తర్వాత దాని ఊసే ఎత్తలేదు. కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, పనసపొట్టు కూరతో అన్నం పెట్టించారు. వద్దన్నా మజ్జిగ రెండోసారి పోయించారు.

మూడింటికి ఇద్దరం షావుకారు కొబ్బరి కొట్టుకి వెళ్ళాం. ఒలుపువాళ్ళంతా వింటుండగా జరిగింది చెప్పాను. ఆటోలో కలిసినాయన కూడా ఉన్నాడు. షావుకారు, "ఇది చెప్పడానికి ఎనిమిదేళ్ళు పట్టిందాండీ?" అన్నారు. ఆయన ఆచారిగారి వైపు తిరిగి, నాలుగు గునపాలు చేసివ్వమన్నారు.

"నా పెట్టెలోనే కాలుస్తానండి. ఆలీసెం అవుద్ది," అన్నారు ఆచారిగారు.

"అవనీయండి," అన్నారు షావుకారు.

"మొదటిది నాకండీ," అన్నాడు ఆటోలో కలిసినాయన, నన్ను చూపిస్తూ. "ఈసారి ఇరిగితే ఈయన్ని పట్టుకుందాం." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఐదింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. నన్ను తిట్టడానికి హక్కున్న ఊరు నాకు కడుపునిండా భోజనం పెట్టి పంపింది. కోనసీమ గురించి ఇంతకంటే ఏం చెప్పగలను? మా షాపులో గునపాల పని ఇక తీసుకోను. ఎవరైనా తెస్తే ముక్తేశ్వరానికి ఎలా వెళ్ళాలో చెబుతాను.