సార్ నింపని గడి

మా టైపింగ్ సార్ పోయారు. సోమవారం వికారాబాద్ నుంచి రైల్లో వచ్చిన ఒకాయన తాండూరులో మా ఆఫీసు గుమ్మంలోనే నిలబడి ఈ మాట చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి నేను ఒక చోట కూర్చోలేకపోతున్నాను. కుదురుగా కూర్చోలేకపోవడం ఆయన దగ్గర అబ్బిందే.

డెబ్బైల చివర నేను వికారాబాద్‌లో ఆయన ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఎనిమిది మిషన్ల మధ్య ఆయన తిరుగుతూనే ఉండేవారు, చేతిలో చాయ్ చల్లారిపోయేది. ముందున్న కాగితంలో ఏ మాటకైనా నాకు నవ్వొస్తే వెనక నుంచి వినబడేది: "చదవకు బిడ్డ, కొట్టు. చదివితె తప్పులొస్తయి." చదవకుండా కొట్టడం నాకు బాగా పట్టుబడింది. తర్వాత నా కొంప ముంచింది కూడా అదే.

పోయిన ఏడాది, నేల పరిచే బండలమ్మే మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. బండలు కోసే ఒకాయన, దగ్గుతో మంచం పట్టే ముందు, కోట్‌పల్లిలో ఉన్న అన్నకు తాను చెబుతూ దాని మీద నాతో ఉత్తరం కొట్టించాడు. అన్నదమ్ములకు ఏళ్లుగా మాటల్లేవు. అన్నకు అచ్చక్షరాలైతేనే చదవొస్తాయట. ప్రింటర్‌లో రిబ్బన్ లేదు, రేపు తీసిస్తానన్నాను. వారంలో ఆయన పోయాడు. కంప్యూటర్ రిపేరుకని పట్నం పోయింది. ఉత్తరం ఉన్న ఫ్లాపీ నా చేతిలో మిగిలింది.

"మా బావ పదో దినానికి రానంటుండు చెల్లె. మా ఆయన ఉత్తరంల ఏం చెప్పిండో జర చెప్పు, నేను పోయి చెప్త" అని ఆయన భార్య వచ్చి అడిగింది. నాకు ఒక్క ముక్క గుర్తులేదు. చెవిలోంచి నేరుగా వేళ్లలోకి పోయిన మాటలవి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఫ్లాపీ పట్టుకుని వికారాబాద్‌లో సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన కొత్తగా కొన్న కంప్యూటర్‌కు తెలుగు రాదు. తెర నిండా కొమ్ములున్న ఇంగ్లీషు అక్షరాలు, గీతలు, పిచ్చి గుర్తులు. నాకు ఏడుపొచ్చింది. సార్ మూడుసార్లు గది చుట్టూ తిరిగారు.

"అక్షరాలు యాడికి పోలె బిడ్డ, వేషం మార్చుకున్నయి, గంతే. అన్నకు రాసేటోడు మొదలు ఏమంటడు?"

"అన్నా అంటడు సార్."

మొదటి మాటలోని గుర్తులు ఉత్తరమంతా పదేపదే కనబడ్డాయి. అక్కడ దొరికిన అక్షరాలతో పక్క మాట, దాంతో ఇంకో మాట. గళ్లు గీసిన కాగితం మీద ఒక్కో గుర్తు కింద ఒక్కో అక్షరం పెన్సిల్‌తో రాసుకుంటూ, సార్ రెండు రోజులు అన్నం కూడా నిలబడే తిన్నారు. చివరి వరుస మాత్రం పూర్తిగా తేలలేదు. తనను మళ్లీ ఒక్కసారి ఏదో పేరుతో పిలవమని తమ్ముడు అడుగుతున్నాడు. ఆ పేరులోని మొదటి గుర్తు ఉత్తరంలో ఇంకెక్కడా లేదు.

సార్ తెలుగు టైప్ మిషన్ మీద ఉత్తరమంతా తానే కొట్టి, ఆ పేరు చోట ఖాళీ వదిలి, ఒక్కరే కోట్‌పల్లి బస్సెక్కారు. సాయంత్రం దాకా నేను బస్టాండులో అటూ ఇటూ తిరుగుతూనే ఉండి, ఆయన బస్సు దిగగానే అడిగాను.

"చదివిండా సార్?"

"కూడబలుక్కుంట చదివిండు. ఖాళీ కాడ మాత్రం ఆగలె బిడ్డ."

"ఏం పేరన్నడు?"

"గది వాళ్లిద్దరి నడుమ మాట. మనకెందుకు."

పదో దినానికి అన్న వచ్చాడు. ఆ తర్వాత సార్, తన దగ్గర టైపు నేర్చుకునే పిల్లలకు చదవకు అని చెప్పడం మానేశారు. "కొట్టేటప్పుడు జర విను, ఎవరి మాటనో ఏమో" అనేవారు.

నిన్న ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లాను. ఆయన బల్ల మీది అద్దం కింద ఆ గళ్ల కాగితం ఉంది. గుర్తులన్నిటి కిందా అక్షరాలున్నాయి. ఆ పేరు మొదటి గుర్తు కింది గడిలో మాత్రం పెన్సిల్ మొన ఆనించి ఎత్తేసిన చిన్న చుక్క ఉంది, అక్షరం లేదు.