సగం గులాబీ

నిజామాబాద్‌లో గల్లీకొక నెట్ సెంటర్ వెలిసిన రోజుల్లో, ఒక ఫంక్షన్ హాల్‌కు వెబ్‌సైట్ చేసే పని దొరికింది. కోడ్ నాది, రంగులూ బొమ్మలూ ఇంకొకతనివి. అతను అంతకుముందు పెళ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సులో డిజైన్లు చేసేవాడు. పని నచ్చితే బోధన్‌లో కడుతున్న రెండో హాల్ వెబ్‌సైట్ కూడా నాకే ఇస్తానన్నాడు హాల్ యజమాని సేటు. నా ఆశంతా ఆ మాట మీదే.

మా దగ్గర హాల్‌ను పూట లెక్కన ఇస్తారు. పొద్దున ఒకరి పెళ్లి, సాయంత్రం ఇంకొకరి వలీమా, అంటే ముస్లింలు నిఖా తర్వాత ఇచ్చే విందు. అందుకే ప్రతి తేదీనీ రెండు పూటలుగా విడదీసి కోడ్ రాశాను. ఒక పూట నిండితే క్యాలెండర్‌లో గడి సగమే ఎర్రబడేది. నెల రోజులు పట్టింది.

సేటు చూసి మొహం చిట్లించాడు.

"ఏంది తమ్మీ, ఆస్పత్రి చీటీ లెక్కున్నది. పెండ్లి కళ ఏది?"

"లోపల లెక్క సూడుండ్రి సేటు, ఎక్కడ తప్పదు."

"లోపల సూసేటోనివి నువ్వొక్కనివే. బయట సూసేది ఊరంతా."

పక్కనే ఉన్న డిజైనర్ నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు.

అతను పేజీ మొత్తాన్ని పెళ్లి పత్రికలాగా ఒకే బొమ్మగా గీసి తెచ్చాడు. క్యాలెండర్ కూడా బొమ్మలోనే. నిండిన తేదీ మీద చేత్తో ఒక గులాబీ అతికించేవాడు.

"ఒక్క పూటే నిండితే సగం గులాబీ పెట్టు," అన్నాను.

"సగం గులాబీ ఏం బాగుంటదన్నా? పెండ్లోళ్లు అపశకునం అంటరు."

పంతం పట్టి నా పేజీకి నేనే అందం తెద్దామని కూర్చున్నాను. నా కంప్యూటర్‌లో కుదురుగా ఉన్న గడులు సేటు కంప్యూటర్‌లో చెల్లాచెదురయ్యాయి. బుకింగ్ బటన్ పోయి, నేను పెట్టిన పెళ్లికూతురి బొమ్మ నుదుటి మీద కూర్చుంది. ఎందుకో తెలియలేదు. డిజైనర్‌ను అడగడానికి మనసొప్పలేదు. తప్పు నాదే కావచ్చు, కానీ నవ్వింది అతను కదా.

చివరికి జనానికి గులాబీల పేజీయే పెట్టారు. సేటు మాత్రం ఆఫీసులో బుకింగులు నా ప్రోగ్రాంలో ఎక్కించుకునేవాడు.

ఒకరోజు ఆ హాల్‌లో పెళ్లికి వచ్చిన బీడీ ఆకుల వ్యాపారి ఒకాయన, మధ్యాహ్నమే తాళం వేస్తుంటే చూసి ఆగాడు.

"సాయంత్రం ఖాళీయేనా సేటూ? నెట్‌ల నిండిందని ఉండె. మా పిల్లగాని వలీమా ఇయ్యాల్నే. ఎక్కడ్నో దూరం పెట్టుకున్న."

సేటు నన్ను పిలిపించాడు. "నీ కోడ్ గింత అబద్ధం చెప్తదా?"

"చెప్పింది కోడ్ కాదు సేటు, గులాబీ."

నా పేజీ తెరిచి చూపించాను. ఆ తేదీ సగం ఎరుపు, సగం తెలుపు. సేటు ఆ గడి మీద వేలు పెట్టాడు.

"మరి దీన్నే జర సూడబుద్ధయ్యేటట్టు చేస్తే నీ సొమ్మేం పోయేది తమ్మీ?"

చేయాలని చూశానని, చేతకాలేదని అక్కడే ఉన్న డిజైనర్ ముందు చెప్పలేకపోయాను. ఆ వారమే బోధన్ పని అతనికి ఇచ్చేశారు. నేను వెళ్లి అడగలేదు. ఏమని అడగాలి?