రైలు వంతెన దగ్గరి మర్యాద

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దల పేర్ల కంటే ముందు వాళ్ల హోదాలు వినిపించేవి. మా ముత్తాతగారు గోదావరి జిల్లాలో కొన్ని ఊళ్ల శిస్తు అనుభవించే మొఖాసాదారు. మా తాతయ్య ఆనరరీ మేజిస్ట్రేటు. ఆయన గడప ముందు చెప్పులు విడవని మనిషి లేడట. భూములు పోయాక మా నాన్నగారు డాక్టరై, ఐర్లండులో సరిహద్దు నది పక్కన ఒక అద్దె ఇంట్లో మమ్మల్ని పెంచారు. మా నడుములు మాత్రం వంగలేదు.

ఒక వేసవిలో తాతయ్య మా దగ్గరికి వచ్చారు. మర్నాడు నది అవతలి ఊళ్లో పాటల పోటీలో నేను పాడాలి. అవతలిది మరో దేశం. అక్కడ గొడవలు జరుగుతున్న రోజులవి, దారిలో సైనికులు ప్రతి పెట్టెనూ సోదా చేసేవారు.

"నా పెట్టెలో వాడెవడో చెయ్యి పెడతాడా? నేను రానమ్మాయ్," అన్నారు తాతయ్య.

ఆయన రాకపోతే పాడనని నేను మొండికేశాను. సాయంత్రమంతా ఆయన కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నారు. నేను మెట్ల మీద కూర్చుంటూ లేస్తూ ఉన్నాను.

అమ్మ మొర విని, పక్కింటి ఐరిష్ ముసలావిడ మమ్మల్ని నది గట్టుకు నడిపించింది. నీళ్లలో రాతి స్తంభాలు మాత్రమే మిగిలి ఉన్నాయి. వాటి మీద రైలు వంతెన ఉండేదట. కట్టిననాడు రెండు గట్లూ ఒకే దేశం. తర్వాత దేశం రెండై, సరిహద్దు నది నడుమన పడింది. వంతెన దాటిన ప్రతివాళ్లూ కస్టమ్స్ బల్ల మీద సంచి పెట్టవలసి వచ్చింది.

"మా అమ్మ మిల్లు యజమాని కూతురు. మహా గర్వం, అచ్చం మీలాగే," అని నవ్విందావిడ. "కానీ ఎవరూ అడక్కముందే సంచి తెరిచేది. అడిగాక తెరిస్తే అది సోదా. ముందే తెరిస్తే, ఇంటికొచ్చినవాడికి తలుపు తీసినట్టు."

"దొంగసరుకేమీ ఉండేది కాదా?" మేజిస్ట్రేటుగారి ప్రశ్న.

"ఎందుకుండదూ, వెన్న! కాకపోతే సంచిలో కాదు, కోటు కింద."

తాతయ్య పగలబడి నవ్వారు.

మర్నాడు సైనికుడు నోరు తెరవకముందే ఆయన కారు దిగి పెట్టె తెరిచారు. మడిచిన ఉత్తరీయం, మందులు, వెండి తాంబూలపు భరిణె. భరిణె మూత కూడా తానే తీసి, "యాలకులు. తీసుకో బాబూ," అని ఇంగ్లీషులో అన్నారు. మీసమైనా రాని ఆ సైనికుడు తుపాకీ భుజానికి జరుపుకుని ఒకటి తీసుకున్నాడు.

నాకు బహుమతి రాలేదు. ముందు వరుసలో తాతయ్య నిటారుగా కూర్చుని ఉన్నారు, అదే చాలింది.

ఇప్పుడు నేను ఐర్లండులోనే లూకన్ అనే ఊళ్లో ఉంటున్నాను. విమానాశ్రయంలో నా వంతు రాకముందే సంచి జిప్పు తీసి నిలబడతాను. "అమ్మమ్మా, దే డిడింట్ ఈవెన్ ఆస్క్!" అని మనవరాలు సిగ్గుపడుతుంది. అడగలేదనే తెరిచానంటాను.

ఆ వంతెన ఇనుమును, రైళ్లు ఆగిపోయాక, తుక్కు కింద అమ్మేశారు. వెండి భరిణెను, తాతయ్య పోయాక, మా నాన్నగారు అమ్మారు.