ఎద్దుల వంతుకు పట్టిన రూపాయి

మా ఆయన పోయిన ఏడాదికి ఆయన అన్న, మా బావ, భాగాలు పంచాడు. ఎర్రనేల బావకు నాలుగెకరాలు, నాకు నాలుగెకరాలు. ఎద్దుల జత ఒక్కటే కాబట్టి కుడివైపు కట్టే ఎద్దు ఆయనకు, ఎడమవైపుది నాకు వచ్చాయి. విత్తనం వేసే గొర్రు ఉమ్మడి. రెండు ఎద్దులూ కలిస్తే తప్ప గొర్రు కదలదు. అందుకని వాన పడిన ప్రతిసారీ ఎవరి చేనుకు ముందు కట్టాలో తేల్చుకోవాలి.

ఎనభైల్లో పావగడ వైపు సేద్యం చేసినవాళ్లకు ఆ వంతు విలువ తెలుసు. ఒక వానకు నేలలో విత్తనం మొలిచేంత తడి, పదును, నిలిచేది మూడు రోజులు. నాలుగెకరాలు విత్తడానికి రెండు రోజులు. ముందు విత్తినవాళ్లకు శెనక్కాయ మొలిచేది, వెనక విత్తినవాళ్లకు విత్తనం మన్నులోనే వేగిపోయేది.

వంతు తేల్చే పద్ధతి ఇదీ. ఒకరు రూపాయిని అందరికీ చూపి, రెండు చేతుల మధ్య ఆడించి, రెండు పిడికిళ్లూ ముందుకు చాస్తారు. రెండోవాళ్లు ఒక పిడికిలి తాకుతారు. అందులో రూపాయి ఉంటే తాకినవాళ్లు ముందు, లేకపోతే పట్టినవాళ్లు ముందు. తాకిన పిడికిలి ఒక్కటే తెరుస్తారు. రెండోది చూపమని అడిగితే ఎదుటి మనిషిని దొంగ అన్నట్టే. ఆ మాట వచ్చాక ఆ రెండిళ్ల మధ్య నీళ్లు కూడా పుట్టవు.

పెద్దవాడినని రూపాయి మా బావే పట్టేవాడు. మొదటి ఏడు పునర్వసు కార్తెలో వాన పడింది. కుడి పిడికిలి తాకాను, ఖాళీ. ఆయనకు ఇరవై మూటలు, నాకు ఆరు. రెండో ఏడు పుష్యమిలో ఎడమది తాకాను, ఖాళీ. ఆయనకు పద్నాలుగు, నాకు మూడు. మూడో ఏడు ఆశ్లేషలో మళ్లీ కుడిది, మళ్లీ ఖాళీ. ఆ ఏడు నాకు వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. సాక్షిగా కూర్చున్న పక్క చేని రైతు వింటుండగా బావ అన్నాడు:

"నీ చెయ్యి మంచిది కాదమ్మా. మా తమ్మునికి గూడా కలిసి రాలే."

కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుని ఆ మాట నేను చాలాకాలం నమిలాను.

ఆ చలికాలం పావగడ సంతలో పళ్లపొడి అమ్మేవాడొకడు జనాన్ని పోగేయడానికి రూపాయితో గారడీ చేస్తున్నాడు. రూపాయిని కుడిచేతి నుంచి ఎడమచేతిలో వేశాడు, పిడికిలి మూశాడు, కుడిచేత్తో భుజం మీది తువ్వాలు వెనక్కి వేసుకున్నాడు. తరువాత రెండు చేతులూ తెరిచాడు. రెండూ ఖాళీ. జనం నవ్వారు. మా బావ కూడా మూడేళ్లూ పిడికిళ్లు చాచే ముందు తువ్వాలు అలాగే సర్దుకున్నాడు.

జనం పోయేదాకా ఆగి, సంచిలో ఉన్న వేయించిన కాయలు వాడి ముందు పెట్టాను.

"ఇది నాకు నేర్పప్పా."

"నీకెందుకమ్మా ఇది? యాడన్నా అంగడి పెడతావా?"

"ఒకాయనకు చూపియ్యల్ల."

"అభిమానంతోనా, పగతోనా?"

"ముందు నేర్పు. కాయలు సల్లారిపోతాయి."

వాడు నవ్వి, కాయలు ఒలుచుకుంటూ నేర్పాడు. బొటనవేలి కింది కండకూ అరచేతికీ మధ్య రూపాయిని నొక్కి పట్టాలి, వేళ్లు మాత్రం ఏమీ లేనట్టు వదులుగా ఉండాలి. నేను పట్టిన ప్రతిసారీ అది జారి మన్నులో పడింది.

"నీ చెయ్యి బాగా ఎండిపోయిండాది. రవ్వంత చెమ్మ కావల్ల. ఊది సూడు," అన్నాడు. ఊది పట్టాను, నిలిచింది. "ఇంగొకటి. నువ్వు యాడ సూస్తే జనం ఆడనే సూస్తారు. ఉత్త చేతిని సూడు, రూపాయున్న చేతిని మర్చిపో."

మర్చిపోవడమే అన్నిటికన్నా కష్టమైంది. విత్తనాల కోసం కాయలు ఒలిచే రోజుల్లో రూపాయిని అరచేతిలో దాచుకుని అదే చేత్తో కాయలు చిట్లించేదాన్ని. మొదట్లో అది గింజల్లో పడి నా కూతురు పకపకా నవ్వేది. ఉగాది దాటేసరికి రూపాయి పట్టుకునే కూతురికి జడ వేయగలిగాను, దానికి తెలియలేదు. తువ్వాలు నాకు లేదు. కొంగు నడుముకు దోపుకునేటప్పుడు రూపాయిని రొండి దగ్గరి చీర మడతలోకి వదలడం సాధన చేశాను. ఆడమనిషి పనికి ముందు కొంగు దోపుకుంటే ఎవరూ చూడరు.

ఆ ఏడు పునర్వసులోనే వాన పడింది. తెల్లవారి పక్క చేని రైతు సాక్షిగా వచ్చి కూర్చున్నాడు. బావ రూపాయి తీశాడు.

"బావా, మూడేండ్లు మీరు పట్టినారు. ఇంగ మూడేండ్లు నేను పడతా. మీరు తాకండి," అన్నాను.

"ఆడోళ్లు పట్టేదేందమ్మా?"

పక్క చేని రైతు తొడ చరుచుకుని నవ్వాడు. "పట్టనీలేప్పా. మూడుకు మూడు, న్యాయంగానే ఉండాది. రూపాయేమన్నా కరుస్తాదా?"

నేను రూపాయి చూపించాను, చేతుల మధ్య ఆడించాను, కొంగు దోపుకున్నాను, పిడికిళ్లు చాచాను. ఎడమ పిడికిలినే చూస్తూ కూర్చున్నాను. బావ నా చూపును పట్టుకుని ఎడమది తాకాడు. తెరిచాను. ఖాళీ.

ఆయన కళ్లు నా కుడి పిడికిలి మీదికి, అక్కడి నుంచి నా నడుము మీదికి వెళ్లాయి. అర్థమైంది. నోరు తెరిచాడు. రెండోది చూపమంటే అంత అనుమానం ఎలా పుట్టిందో పక్క చేని రైతుకు చెప్పాలి. నోరు మూసుకున్నాడు. ఆ మూసుకోవడాన్ని నేను తృప్తిగా చూశాను.

రెండు రోజులు ఆయన ఎద్దు నా చేనులో నడిచింది. మూడో రోజు ఎండ, ఎర్రదుమ్ము లేపే గాలి. నాకు ఇరవై రెండు మూటలు వచ్చాయి, ఆయనకు ఐదు. కాయలు ఇంటికి చేరాక ఆయన మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"ఈ రూపాయి గొడవ వద్దులేమ్మా. వచ్చే ఏటి నుంచి నీకొక దినం, నాకొక దినం కట్టుకుందాం. ఇద్దరికీ సగం సగం మొలుస్తాది."

అది న్యాయమైన మాట. భాగాలు పంచిన రోజే అని ఉంటే నా కూతురు మూడేళ్లు సంగటికి బదులు గంజి తాగేది కాదు.

"ఇంకా రెండేండ్లు ఉండాది బావా," అన్నాను.

రెండో ఏడు పుష్యమిలో ఆయన కుడిది తాకాడు. ఖాళీ. మూడో ఏడు అసలు వానే పడలేదు. గొర్రు చూరు కిందే ఉంది, ఊళ్లో ఎవరూ విత్తలేదు. దీపావళి నాడు ఆయన మళ్లీ వచ్చాడు.

"మూడేండ్లు అయిపాయ కదమ్మా."

"విత్తని ఏడు లెక్కకు ఎట్లొస్తాది?"

మరుసటి ఏడు ఆశ్లేషలో వాన పడింది. ఆయన నా చేతుల వైపు చూడకుండానే ఒక పిడికిలి తాకి, నేను తెరిచేలోపే తన ఎద్దును విప్పడానికి లేచి వెళ్లాడు. ఆయన చేనులో మొలక రాలేదని తెలిసిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వెళ్లి, వచ్చే ఏటి నుంచి దినం విడిచి దినం కట్టుకుందామని చెప్పి వచ్చాను.